దీనమ్మ పంపిన గుప్పెడు బియ్యం

“లారీ దిగేముందు ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుందాం అక్కా.”

“నువ్వు చేసుకో. నేను సంచులు చూసుకోవాలి.”

“సంచులు ఎక్కడికీ పోవు.”

“ప్రార్థనా ఎక్కడికీ పోదు. ఏడేళ్ల నుంచీ నేను లేకుండానే జరుగుతోందిగా.”

“రూతమ్మ అని పేరు పెట్టుకుని ఏం మాటలక్కా అవి?”

“పేరు నేను పెట్టుకోలా. మా నాయన పెట్టాడు. సమాధుల దొడ్లో ఉన్నాడు, వెళ్లి అడుగు.”

“నీకు భయం లేదా?”

“భయపడితే ఆ నీళ్లు వెనక్కి పోతాయా?”

ముందు నుంచి సెక్షన్ లీడరు కేక వేశాడు. “ఏవమ్మా, డ్యూటీకొచ్చారా, పోట్లాటకొచ్చారా? ప్రార్థన చేసేవాళ్లు నడుస్తూ చెయ్యండి. చెయ్యనివాళ్లు బ్లీచింగ్ సంచి మొయ్యండి.”

నేను బ్లీచింగ్ సంచి మోశాను.

డెబ్బై ఏడు నవంబరు. ఉప్పెన వచ్చి మూడు రోజులైంది. మంగళవారం, మధ్యాహ్నం పన్నెండున్నర. రేపల్లె దాటాక లారీ వెళ్లగలిగింది అంతవరకే. అక్కడి నుంచి కాలవ కట్ట మీద రెండు మైళ్లు నడక. ఆపైన పడవ.

మా మునిమనవలు బడిలో “మా మామ్మ మిలిట్రీ” అని చెప్పుకుంటారట. అది అబద్ధం. నేను తెనాలి హోంగార్డుల్లో ఆడవాళ్ల సెక్షన్లో పనిచేశాను. చైనా యుద్ధం అయ్యాక పెట్టిన హోంగార్డులు. ఖాకీ చీర, నల్ల బెల్టు, కాన్వాసు బూట్లు, విజిలు. తుపాకీ ఎప్పుడూ పట్టుకోలేదు. సైనికుల పక్కన పన్నెండు రోజులు పనిచేశాను, అంతవరకు నిజం. చిన్న అబద్ధమే కదా అని పిల్లలు నవ్వుతారు. చిన్న అబద్ధం ఎంత దూరం పోతుందో నాకు తెలుసు గనకే ఇది రాస్తున్నాను. నేను ఐదో తరగతి దాకా మిషన్ బడిలో చదివాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మా సెక్షన్ ఎనిమిది మంది. ఆరుగురు మగవాళ్లు, ఇద్దరం ఆడవాళ్లం. సెక్షన్ లీడరు పాత జవాను, కుడి మోకాలు వంగదు. డ్యూటీలో ఇద్దరిద్దర్ని జోడీ వేస్తారు. నా జోడీ నాకంటే పదేళ్లు చిన్నది. బాపట్ల పిల్ల, తెనాలికి కోడలుగా వచ్చింది. అన్నానికి ముందు ప్రార్థన, నీళ్లు తాగే ముందు ప్రార్థన. నాకు ఒళ్లు మండేది.

ఎందుకు మండేదో చెప్పాలి. ఏడేళ్ల కిందట నా ఆఖరి బిడ్డకి జ్వరం వచ్చి ఫిట్స్ కొట్టాయి. ఆసుపత్రికి తీసుకెళ్లాను, తగ్గలేదు. ప్రార్థన చేయించాను, తగ్గలేదు. ఎవరో చెప్తే వేమూరు అవతలికి పోయి ఒకాయన చేత తాయెత్తు కట్టించాను. నాలుగో రోజు బిడ్డ పోయింది. పాతిపెట్టేటప్పుడు గుడి పెద్ద ఆ తాయెత్తు చూశాడు. చర్చిని మేం గుడి అనే అంటాం. మా గుళ్లో కట్టుబాటు ఒకటి ఉంది. అలాంటి పని చేసినవాళ్లు సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. అప్పటిదాకా రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు బల్ల దగ్గరికి రానివ్వరు. బిడ్డ పోయి పది రోజులు కాలేదు. నిలబడమన్నారు. నేను నిలబడలేదు. గుడికే పోవడం మానేశాను.

గుప్పెడు బియ్యం కూడా మానేశాను. మా ఇళ్లల్లో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు. అది దేవుడి వంతు. ఆదివారం గుడికి పట్టుకెళ్తారు. ఇంట్లో తిండి చాలకపోయినా ఆ గుప్పెడు తియ్యకుండా పొయ్యి వెలిగించరు. నేను తియ్యడం ఆపాను. పూటకి ఒక గుప్పెడు మిగిలింది అనుకున్నాను. ఆదివారం కూలికి మిరపకాయల తొడిమలు తీసేదాన్ని. వారానికి ఒక రోజు మిగిలింది అనుకున్నాను. ఏడేళ్లు మిగిల్చాను. అదంతా ఎక్కడికి పోయిందో నాకు కనపడలేదు.

సరే, డ్యూటీ సంగతి.

ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు ఇంకా ఉన్నారు. ఊరిలో నిలిచింది బడి ఒక్కటే. రెండు గదులు, పైన సిమెంటు కప్పు. చుట్టూ తెల్లటి ఉప్పు బురద. తాడిచెట్లు సగానికి విరిగి మొండాలు నిలబడ్డాయి. సరుగుడు తోట మొత్తం ఒకే పక్కకి పడుకుంది. సముద్రం కంటికి కనపడదు. చెవికి ఎప్పుడూ వినపడుతుంది. బడిలో ముప్పై మందికి పైగా బతికినవాళ్లు ఉన్నారు.

ఉదయం ఆరు నుంచి పన్నెండు దాకా మగవాళ్లు శవాలు వెతికేవాళ్లు. ఆడమనిషి కనపడితే విజిలు రెండుసార్లు ఊదేవాళ్లు. నేనూ నా జోడీ వెళ్లి గుడ్డ కప్పాలి. కప్పాకే మగవాళ్లు ముట్టుకుంటారు. అది ఆర్డరు. రబ్బరు తొడుగులు ఒక జతే ఇచ్చారు. కుడిది నేను, ఎడమది తను. ముక్కుకి కర్పూరం రాసిన గుడ్డ. మొదటి రోజు పదకొండుసార్లు విజిలు వినపడింది. నాకు భయం లేదని లారీలో అన్నాను గదా. అది నాలుగోసారి దాకానే. ఆ తరువాత ఏ పిట్ట కూసినా విజిలే అనుకుని లేచి నిలబడేదాన్ని.

దీనమ్మ మామ్మ రెండో గదిలో కిటికీ కింద పడుకుని ఉంది. తొడ ఎముక విరిగింది. మాకంటే ముందే బడికి చేరిన జవాన్లు బల్లచెక్కలు పెట్టి కట్టారు. కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాళ్లు నీళ్లలో పోయారు. తను తాడి మొద్దు పట్టుకుని బతికింది. నా రవిక మీద కుట్టిన పేరు ఎవరిచేతో చదివించుకుంది.

“రూతమ్మా? అయితే మనోళ్లేనన్నమాట. ఏ ఊరమ్మా?”

“తెనాలండి.”

“అండీ గిండీ ఎందుకే. మామ్మా అను.”

బుధవారం మొదటిసారి బియ్యం పంచాం. మనిషికి ఒక డబ్బా. దీనమ్మ మామ్మ తన డబ్బాలోంచి గుప్పెడు తీసి, చీర కొంగు చింపి, అందులో మూట కట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. ఇల్లు లేదు, పొయ్యి లేదు, మనుషులు లేరు. గుప్పెడు మటుకు తీసింది.

రేషను దిగిందని కబురొచ్చిన రోజు నేను పడవలో వెళ్లి రేపల్లె నుంచి తేవాలి. గురువారం పొద్దున ఆమె నన్ను పిలిచింది.

“మా ఊరి గుడి కొట్టుకుపోయింది. రేపల్లెలో గుడి ఉందంటగా. ఇది అక్కడ ఇచ్చిరా తల్లీ. మావాళ్ల నలుగురి పేర్లు చెప్పు.”

మూట తీసుకున్నాను. రేపల్లెలో రేషను పంచే గోడౌనుకీ ఆ గుడికీ మధ్య ఒక్క వీధి. గేటు దాకా వెళ్లాను. లోపల ఎవరో మాట్లాడుతున్నారు. నన్ను బయట పెట్టినవాళ్లకి నేను బియ్యం మోసుకురావాలా అనుకున్నాను. వెనక్కి తిరిగాను. మూట విప్పి రేషను సంచిలో కలిపేశాను. బియ్యం బియ్యమే, ఆకలిగొన్నవాళ్లే తింటారు, తప్పేంటి అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

సాయంత్రం అడిగింది. “ఇచ్చావా?”

“ఆ.”

“ఎవరు తీసుకున్నారు?”

అడుగుతుందని అనుకోలేదు. “పాదిరిగారి భార్య.”

“ఎలా ఉందావిడ?”

“నీలం చీర కట్టుకుంది. మీవాళ్ల పేర్లు రాసుకుంది. ప్రార్థన చేస్తామంది.”

దీనమ్మ మామ్మ కళ్లు మూసుకుంది. మేం వచ్చినప్పటి నుంచీ ఆమె కళ్లు మూయడం నేను చూడలేదు.

శనివారం రెండో మూట ఇచ్చింది. ఈసారి గేటు దాకా కూడా పోలేదు. సంచిలోనూ కలపలేదు. నా భుజం సంచిలో పెట్టుకున్నాను. ఎందుకు? ఐదు రోజులుగా మాకు అటుకులు, గట్టి రొట్టెలు తప్ప వేడి అన్నం లేదు. పంచే బియ్యంలోంచి గింజ ముట్టుకోకూడదని సెక్షన్ లీడరు ఆర్డరు. ఈ మూట లెక్కలో లేదు.

ఆదివారం మధ్యాహ్నం నా జోడీ బడిలో అందర్నీ కూర్చోబెట్టి ఆరాధన పెట్టింది. నేను కాపలా అని చెప్పి బడి వెనక గోడ పక్కకి పోయాను. మూడు ఇటుకలు పెట్టి మెస్ టిన్నులో ఆ గుప్పెడు వండుకున్నాను. ఉప్పు వేసుకున్నాను. గోడ అవతల కీర్తన పాడుతున్నారు. గోడ ఇవతల నేను తిన్నాను. గబగబా తిన్నాను, నాలుక కాలింది. జోడీకి ఒక ముద్ద కూడా ఉంచలేదు. తిన్నాక టిన్ను వేలితో గీరి నాకాను. ఆకలి అలాగే ఉంది. ఇంకో గుప్పెడు ఉంటే బాగుండుననిపించింది. అంతలోనే ఎవరైనా వస్తారేమో అనిపించింది. రాలేదు.

లోపలికి వెళ్తే దీనమ్మ మామ్మ నవ్వింది. “నువ్వు లేకుండా పాడుకున్నాం. నిన్నటిది కూడా ఇచ్చావుగా?”

“ఇచ్చా మామ్మా.”

“నీలం చీరావిడకేనా?”

“ఆవిడకే.”

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. శవాల భయం వేరు, అది విజిలుతో వచ్చి విజిలుతో పోయేది. ఇది పోలేదు. దీనమ్మ మామ్మ ఉన్న గది గుమ్మం దాటాలంటే ఏదో ఒక పని కల్పించుకుని వెనక్కి తిరిగేదాన్ని. ఆమె నన్ను అనుమానించి ఉంటే బాగుండేది. ఒక్కసారి కూడా అనుమానించలేదు.

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి వైర్‌లెస్ గరగరమంది. మా వైర్‌లెస్ ఆపరేటరు జవాను. తెలుగువాడే, శ్రీకాకుళం మనిషి. రేడియో వరండాలో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ గుర్తు.

“బడి పోస్టు, బడి పోస్టు. సముద్రం మళ్లీ లేస్తోందని కబురు. అందర్నీ కప్పు మీదకి ఎక్కించండి. ఓవర్.”

“ఎంత లేస్తోంది? ఓవర్.”

“తెలియదు. ముందు ఎక్కించండి. ఓవర్.”

ఆపరేటరు మొహం తెల్లబోయింది. సెక్షన్ లీడరు విజిలు ఆపకుండా ఊదాడు. నిచ్చెన ఒక్కటే. వెదురుది, పద్నాలుగు మెట్లు. ముందు పిల్లలు, తరువాత ఆడవాళ్లు. ఆడవాళ్లు అరుస్తున్నారు. ఒకామె పిల్లని ఎక్కించి తను కింద నిలబడిపోయింది, కాళ్లు కదలడం లేదు. జోడీ ఆమెని భుజంతో పైకి తోసింది.

దీనమ్మ మామ్మ నా బాధ్యత. ఆమెని నా వీపుకి తడి చీరతో కట్టారు. మా ఇద్దరి బరువుకి నిచ్చెన కిర్రుమంది. ఏడో మెట్టు మీద కాలు జారింది. విరిగిన తొడ మెట్టుకి తగిలి ఆమె నా చెవిలో గట్టిగా అరిచింది. ఆ తరువాత, “ఏంలేదు తల్లీ, ఎక్కు” అంది.

కప్పు మీద నలభై మందిమి. పిట్టగోడ లేదు. ఒకళ్లనొకళ్లు పట్టుకుని కూర్చున్నాం. దక్షిణం వైపు ఆకాశం బూడిదరంగు. గాలి లేదు. హోరు మటుకు పెరిగినట్టే ఉంది. నిజంగా పెరిగిందో, మా భయమో తెలియదు.

“హోంగార్డమ్మా, నువ్వు ప్రార్థన చెయ్యి” అంది దీనమ్మ మామ్మ.

“జోడీ చేస్తుంది మామ్మా.”

“నువ్వు చెయ్యి. గుడికెళ్లొచ్చిన మనిషివి.”

నలభై మందీ నా వైపు చూశారు. చిన్నప్పుడు బడిలో నేర్చిన ప్రభువు ప్రార్థన మొదలుపెట్టాను. నిద్రలో లేపినా చెప్పగలిగేదాన్ని. రోజూ తిండి అడిగే మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆ మాట నోరు దాటలేదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మళ్లీ అక్కడే ఆగాను. లోపల ఏమీ లేదు. ఏడేళ్లుగా కోపం ఉందనుకున్నాను, ఆ నిమిషానికి కోపం కూడా లేదు. కడిగి బోర్లించిన కుండలా ఉన్నాను. సముద్రం వస్తే ఇలాగే పోతాను అనుకున్నాను. దానికంటే పెద్ద భయం ఆ ముందు గానీ ఆ తరువాత గానీ నాకు కలగలేదు.

దీనమ్మ మామ్మ నా వీపు నిమిరింది. “పాపం, మన కోసం ఏడుపొచ్చింది దానికి” అని అందరితో చెప్పింది. “భయపడకండర్రా. మన గుప్పెడు దేవుడి దగ్గరికి చేరింది. ఈ పిల్లే ఇచ్చొచ్చింది. రెండుసార్లు.”

పక్కనున్న ఆడవాళ్లు తలలూపారు. ఏడుపు ఆపారు. నా అబద్ధం పట్టుకుని ధైర్యం తెచ్చుకున్నారు. ప్రార్థన జోడీ పూర్తి చేసింది.

సముద్రం రాలేదు. నాలుగూ పదికి రేడియో మళ్లీ మాట్లాడింది. “బడి పోస్టు. పుకారు. దించెయ్యండి. ఓవర్.” ఆపరేటరు రేడియోని నాలుగు తిట్లు తిట్టి, ఆడవాళ్లు ఉన్నారని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

దిగాక అసలు సంగతి మొదలైంది. మర్నాడు బియ్యం పంచగానే ఒక్కొక్కళ్లూ గుప్పెడు తీసుకుని నా దగ్గరికి వచ్చారు. “మాది కూడా ఇవ్వమ్మా.” “మా ఆయన పేరు చెప్పమ్మా.” జోడీ తన తువ్వాలు పరిచింది. సెక్షన్ లీడరు నుదుటి మీద బొట్టు లేకుండా ఒక్కరోజు ఉండడు. ఆయన కూడా కుంటుకుంటూ వచ్చి తన అటుకులు గుప్పెడు వేశాడు.

“మీ దేవుడికి అటుకులు పనికొస్తాయామ్మా?”

“వస్తాయండి” అంది జోడీ నవ్వుతూ.

“అయితే నా మోకాలి సంగతి కూడా ఒక మాట వెయ్యమను.”

అందరూ నవ్వారు. ఆ ఊళ్లో నవ్వు వినడం అదే మొదలు. నేను నవ్వలేదు.

ఆ రోజు రేషను పడవ ఎక్కకుండా జ్వరమని చెప్పి పడుకున్నాను. ఇంకొకాయన వెళ్లాడు. మూట ఆయన చేతికి ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకోలేదు. “రూతమ్మే ఇవ్వాలి. ఆవిడకి తోవ తెలుసు” అన్నారు. మూట పెద్దదవుతోంది. గోడకి ఆనించి పెట్టారు. అటు చూడకుండా ఉండాలని నేను గోడకి వీపు తిప్పి తినేదాన్ని.

శుక్రవారం మధ్యాహ్నం ఆర్డరు వచ్చింది. రేపు ఉదయం ఏడింటికి మా సెక్షన్ వాపసు. దీనమ్మ మామ్మని ఆ తరువాతి పడవలో ఆసుపత్రికి తీసుకెళ్తారు. చెప్పాలంటే ఆ పూటే చెప్పాలి. చెప్పకపోతే ఇక ఎప్పటికీ లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. మూడు గంటలకి గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చాను. మూడుంపావుకి మళ్లీ వెళ్లాను.

ఆమె చేటలో రాళ్లేరుకుంటోంది.

“మామ్మా, నీ బియ్యం నేను ఇవ్వలా.”

చెయ్యి ఆగలేదు. “ఏ బియ్యం?”

“మొదటిది సంచిలో కలిపేశా. రెండోది తిన్నా.”

“వండుకునా?”

“వండుకుని.”

“ఉప్పేసుకున్నావా?”

“వేసుకున్నా.”

“కడుపు నిండిందా?”

“లేదు.”

“నిండదు.”

చేట పక్కన పెట్టింది. నా బూట్ల వైపు చూసింది.

“ఆకలేస్తే అడగొచ్చుగదే. డబ్బా మొత్తం ఇచ్చేదాన్ని. మరి ఆ నీలం చీరావిడ?”

“లేదు మామ్మా. నేను కల్పించా. గుళ్లోకే పోలేదు.”

అప్పుడు మొహం మారింది. “నువ్వు తిన్నదానికి నాకేం లేదు. ఆ నీలం చీర తలుచుకుని నేను నిద్రపోయానే. మావాళ్ల పేర్లు ఒకళ్లు రాసుకున్నారు, ఒకళ్ల నోట్లో ఉన్నాయి అనుకుని నిద్రపోయా. ఇప్పుడు ఏం తలుచుకోమంటావు?”

తాయెత్తు సంగతి, బిడ్డ సంగతి, సంఘం సంగతి చెప్పాను. అడగకుండానే మొత్తం చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. సాయంత్రం అన్నం తీసుకెళ్తే అందుకోలేదు. జోడీ తీసుకెళ్తే తింది.

శనివారం ఉదయం ఆరున్నర. మంచు. కిట్టు కట్టుకున్నాం. ఊరి వాళ్ల మూట జోడీ భుజాన వేసుకుంది. నేను గుమ్మం ముందు నుంచి చప్పుడు కాకుండా పోతున్నాను.

“ఏయ్ హోంగార్డమ్మా. ఇటు రా.”

వెళ్లాను.

“చెయ్యి పట్టు.”

కుడి చెయ్యి పట్టాను. ఆమె డబ్బాలోంచి గుప్పెడు తీసి నా అరచేతిలో పోసింది. నా వేళ్లు ఒక్కొక్కటే మూసింది. గట్టిగా మూసింది.

“గుడ్డలో కట్టను. గుప్పిట్లో పట్టుకెళ్లు. వండుకోనూ లేవు, కలపనూ లేవు. అక్కడిదాకా విప్పావా, నేనూరుకోను.”

“సరే మామ్మా.”

“పేర్లు గుర్తున్నాయా?”

నలుగురి పేర్లూ చెప్పాను. “పో” అంది.

పడవ ఎక్కేటప్పుడు తాడు ఎడమ చేత్తో పట్టుకున్నాను. సెక్షన్ లీడరు జవాన్ల ఆఫీసరుకి సెల్యూటు కొట్టించాడు. నేను ఎడమ చేత్తో కొట్టాను. ఇంకెవరైనా అయితే ఆయన మందలించేవాడు. నా గుప్పిట చూసి ఊరుకున్నాడు. కట్ట మీద రెండు మైళ్లు నడక. బురదలో జారి పడ్డాను. చెయ్యి ఆన్చితే వేళ్లు విచ్చుకుంటాయని మోచేతి మీద పడ్డాను. చర్మం లేచిపోయింది. జోడీ లేవదీసింది. “అక్కా, కాసేపు నేను పట్టుకోనా?” అంది. వద్దన్నాను. తొమ్మిదింటికి వేళ్లు తిమ్మిరెక్కాయి. పదింటికి నొప్పి మొదలైంది. పదకొండింటికి ఆ చెయ్యి నాది కాదనిపించింది. లారీలో రెండు కాళ్ల మధ్య పెట్టి అదిమి పట్టుకున్నాను. గుంత వచ్చినప్పుడల్లా గింజ జారుతుందేమోనని ప్రాణం పోయేది. దారి పొడుగునా నలుగురి పేర్లు అనుకుంటూనే ఉన్నాను. ఏడేళ్ల తరువాత నేను చేసిన మొదటి ప్రార్థన అదేననుకుంటాను. అప్పుడు తెలియలేదు.

పన్నెండూ నలభైకి రేపల్లె గుడి. కప్పు మీద సగం పెంకులు ఎగిరిపోయాయి. ఆవరణలో ఆడవాళ్లు తడిసిన కీర్తన పుస్తకాలు ఎండబెడుతున్నారు. గేటు దగ్గర ఆగాను. కాళ్లు కదలలేదు, నిచ్చెన కింద నిలబడిపోయిన ఆ తల్లిలాగే. జోడీ వెనక నుంచి నన్ను భుజంతో తోసింది.

జోడీ ఊరివాళ్ల మూట అరుగు మీద దించింది. పాదిరిగారి భార్య వచ్చింది. బక్కపల్చటి మనిషి. కట్టుకున్నది ఎర్ర అంచు బురద చీర. నేను గుప్పిట చాపాను. విప్పబోతే వేళ్లు రాలేదు. బిగుసుకుపోయాయి. ఆవిడ ఏమీ అడగలేదు. అరుగు మీద కూర్చోబెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది, ఆ మామ్మ మూసినట్టే. బియ్యం చెమటకి ఉబ్బి చేతికి అంటుకుపోయింది. కొన్ని గింజలు గిల్లి తియ్యాల్సి వచ్చింది. తీశాక అరచెయ్యంతా గింజల గుంతలు, ఎర్రగా, వరసలు వరసలుగా.

నలుగురి పేర్లు చెప్పాను. ఆవిడ కాగితం తెచ్చి రాసుకుంది. తిరిగి చదివి వినిపించింది.

ఆ గుంతలు సాయంత్రానికి పోయాయి. నాకు మటుకు పోలేదు. అది జరిగి యాభై ఏళ్లకి దగ్గర పడుతోంది. ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీస్తాను, తీసినప్పుడల్లా ఆ చెయ్యి కనపడుతుంది. దీనమ్మ మామ్మని మళ్లీ చూడలేదు. పెద్దాసుపత్రికి పంపారని తరువాత జోడీ చెప్పింది. ఆ కాగితం సంగతి ఆమెకి ఎవరైనా చెప్పారో లేదో తెలియదు. ఇంటిదగ్గరున్నవాళ్లు ఉప్పెన అంటే నీళ్ల గురించి అడుగుతారు. నేను ఈ చెయ్యి సంగతి చెప్తాను.

ఆ సాయంత్రం రైల్లో తెనాలి చేరాను. మర్నాడు ఆదివారం, సంస్కారపు ఆదివారం. నీళ్లు పోసుకున్నాను. గుప్పెడు బియ్యం తీసుకుని ఎనిమిదింటికి గుడికి వెళ్లాను. ఆడవాళ్ల వైపు ఆఖరి చాప అంచున కూర్చున్నాను. ప్రసంగం అయ్యాక లేచి నిలబడ్డాను. తాయెత్తు కట్టించానని చెప్పాను. దేవుడి వంతు బియ్యం తిన్నానని చెప్పాను. అబద్ధం ఆడానని చెప్పాను. కూర్చున్నాను. పక్కనున్నామె జరిగి నాకు చాప మీద చోటిచ్చింది.